మీకు తెలుసా? పాముల గదికి పుట్ట నేర్పే పాఠం

నాగుల చవితి కార్తీకంలో వస్తుంది. అప్పుడప్పుడే చలి మొదలయ్యే రోజులు. ఆ పొద్దున పుట్ట కన్నంలో చెయ్యి పెట్టమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. కానీ ఒక థర్మామీటరు లోతుగా దించి ఒక రోజంతా గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. బయట మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య పదిహేను డిగ్రీల తేడా ఉన్నా లోపల అందులో కొంతే కనిపిస్తుంది. మందపాటి మట్టి పగటి వేడిని మెల్లగా తీసుకుంటుంది, రాత్రి మెల్లగా వదులుతుంది. పాముకు పుట్ట మీద ఉన్న మక్కువకు ఎలుకలు, కప్పలే కాదు, ఈ నిలకడ కూడా కారణం.

పడమటి ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ఉంది. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. అది కూడా పగలంతా ఎలుక బొరియల్లోనో చెదల పుట్టల్లోనో గడుపుతుంది. ఈ రోజు అమెరికా, కెనడా, బ్రిటన్ ఇళ్లలో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి. మొదట ఒకటి కొంటారు. తర్వాత కార్న్ స్నేక్ ఒకటి, బోవా ఒకటి వచ్చి చేరతాయి. కొన్నేళ్లకు ఇంట్లో ఒక గది మొత్తం పాములదైపోతుంది. బయట మంచు, లోపల ఉష్ణమండలపు జీవులు. ఆ గదిని తక్కువ ఖర్చుతో, నిప్పు భయం లేకుండా వెచ్చగా ఉంచడమెలా అన్నదే ఈసారి ముచ్చట.

పాము రక్తం చల్లగా ఉండదు

శీతల రక్త జీవి అని బడిలో చదువుకున్నాం. ఆ మాట కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఎండలో పడుకున్న పాము రక్తం మన రక్తంతో సమానంగా వెచ్చగా ఉండొచ్చు. తేడా ఏమిటంటే, మనం తిన్న అన్నంతో ఒంట్లో వేడి పుట్టించుకుంటాం, పాము ఆ వేడిని బయటి నుంచి తెచ్చుకుంటుంది. అందుకే దానికి చాలా తక్కువ తిండి చాలు. అందుకే చలి గదిలో తిన్న ఎలుక దాని కడుపులో అరగదు. అరగకుండా కుళ్లడం మొదలైతే పాము కక్కేస్తుంది. రోజుల తరబడి చల్లగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నోరు తెరిచి శ్వాస తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తున్నా పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

కావాల్సింది ఒక్క ఉష్ణోగ్రత కాదు

పాముల గదికి ఎన్ని డిగ్రీలు ఉండాలి అని అందరూ అడుగుతారు. పాము మాత్రం ఒక్క అంకెతో బతకదు. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ వెచ్చని చోటు కావాలి, రెండో కొసన 25 నుంచి 27 డిగ్రీల చల్లని చోటు కావాలి. కార్న్ స్నేక్‌కు ఇంకొంచెం తక్కువ చాలు: వెచ్చని వైపు 28 నుంచి 30, చల్లని వైపు 22 నుంచి 24. తిన్నాక వెచ్చని వైపుకు వెళ్తుంది, చాలనుకున్నప్పుడు ఇటు వస్తుంది. ఎప్పుడు ఎంత వేడి కావాలో తనే తేల్చుకుంటుంది.

మన కోళ్ల ఫారాల్లో పిల్లల్ని బ్రూడర్ బల్బు కింద వదిలిన రైతు థర్మామీటరు కంటే ముందు పిల్లలనే చూస్తాడు. బల్బు కింద కుప్పగా మూగితే చలి, గోడలకు అంటుకుంటే వేడి. పాము కూడా అలాగే చెబుతుంది. రోజంతా వెచ్చని మూలను వదలకుండా ఉంటే గది చల్లగా ఉందేమో చూడాలి. చల్లని కొసనే ఉంటూ నీళ్ల గిన్నెలో దిగి కూర్చుంటుంటే వేడి ఎక్కువైందేమో చూడాలి.

గది మొత్తం 32 డిగ్రీలు చేస్తే?

ఇరవై పెట్టెలకు ఇరవై హీటర్లు, ఇరవై థర్మోస్టాట్లు, ఇరవై తీగలు ఎందుకు, గదినే 32 డిగ్రీలకు పెడితే సరిపోదా అని అనిపించడం సహజం. సరిపోదు. అప్పుడు పాముకు వెళ్లడానికి చల్లని చోటే ఉండదు. బిల్లు కూడా అనవసరంగా పెరుగుతుంది.

ఎక్కువమంది అనుభవజ్ఞులు పాటించేది మధ్యే మార్గం. గదిని 25, 26 డిగ్రీల దగ్గర నిలుపుతారు. ప్రతి పెట్టెకూ ఒక కొసన చిన్న హీట్ మ్యాటో హీట్ టేపో పెట్టి, థర్మోస్టాట్ ద్వారా మిగతా ఆరేడు డిగ్రీలు ఇస్తారు. గది వెచ్చగా ఉంది కాబట్టి మ్యాట్ల మీద భారం తగ్గుతుంది. ఏ రాత్రైనా ఒక మ్యాట్ ఆగిపోయినా ఆ పాముకు ప్రాణాపాయం ఉండదు. నాలుగైదు పాములే ఉంటే గదిని వేడి చేయడం దండగ, పెట్టెలను మాత్రమే వేడి చేసుకోవచ్చు. సంఖ్య పెరిగే కొద్దీ గదిని వేడి చేసే పద్ధతి గిట్టుబాటు అవుతుంది.

ఖరీదైన హీటరు కరెంటు ఆదా చేయదు

ఇది చాలామంది నమ్మరు. కాయిల్ వేడెక్కే మామూలు ఎలక్ట్రిక్ హీటర్లన్నీ, అది చవక ఫ్యాన్ హీటర్ కానివ్వండి, నూనె నింపిన రేడియేటర్ కానివ్వండి, ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. అంతకు మించి ఇవ్వలేవు, తగ్గించనూ లేవు. సగం బిల్లుకే గదంతా వెచ్చన అని రాసి అమ్మే డబ్బాలను దూరం పెట్టండి.

లెక్క చూడండి. 1,500 వాట్ల హీటరు రోజుకు మొత్తం 12 గంటలు వెలిగితే 18 యూనిట్లు. నెలకు 540. యూనిట్ 17 సెంట్లు అనుకుంటే దాదాపు 92 డాలర్లు.

ఈ లెక్కను నిజంగా మార్చగలిగేది హీట్ పంప్ ఒక్కటే. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు తెలిసిందే. ఏసీని తిరగేసినట్టు పని చేస్తుంది. బయటి చల్లని గాలిలో ఉన్న కాస్త వేడిని కూడా పిండి లోపలికి తెస్తుంది. వేడిని పుట్టించడం లేదు, మోసుకొస్తోంది. కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మామూలు చలిలో రెండున్నర నుంచి నాలుగు యూనిట్ల వేడి దొరుకుతుంది. మూడు రెట్లు అనుకున్నా, పైన చెప్పిన 92 డాలర్లు 31కి దిగుతాయి. గోడకు బిగించే మినీ స్ప్లిట్ రకం హీట్ పంప్‌కు ముందు పెట్టుబడి ఎక్కువ, గడ్డకట్టే చలి ముదిరే కొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది. అయినా ఏడాదికి ఆరు నెలలు గది వేడి చేయాల్సిన చోట ముందు ఆలోచించాల్సింది దీని గురించే. వేసవిలో అదే యంత్రం గదిని చల్లబరుస్తుంది కూడా.

హీటరు కొనే ముందు గది ఎంచుకోవడం

రేకుల షెడ్డులోనూ మట్టి గోడల పెంకుటింట్లోనూ ఉన్నవాళ్లకు గోడ ఎంత తేడా తెస్తుందో చెప్పనక్కర్లేదు. గోడలోంచి పోయే వేడి, లోపలికీ అవతలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. పాముల గది 27 డిగ్రీలు, పక్క గది 21 డిగ్రీలు. తేడా 6. అదే గోడ అవతల −5 డిగ్రీల చలి ఉంటే తేడా 32. అంటే అలాంటి గోడే బయటికి ఉన్నప్పుడు అయిదు రెట్లకు మించి వేడి పారేస్తుంది. గ్యారేజీ ఖాళీగా ఉంది కదా అని పాముల్ని అక్కడికి మార్చేవాళ్లు నెలనెలా కట్టే జరిమానా ఇదే. ఇంటి నడుమ ఉన్న చిన్న గది, చుట్టూ వెచ్చని గదులున్న గది, వీలైతే కిటికీ లేని గది మేలు.

ఉన్న గదిలోనూ చేయగలిగింది చాలా ఉంది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. కిటికీకి నురుగు పలక కోసి బిగించండి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి అటక మీద ఇన్సులేషన్ ఉందో లేదో చూడండి. వీటికయ్యే ఖర్చు ఒక్కసారే, హీటరుకు మాత్రం రోజూ పెట్టాలి. ఒక జాగ్రత్త: ఆ నురుగు పలకలు చాలావరకు నిప్పంటుకునే రకం, కాలితే విషపు పొగ వస్తుంది. గోడలకు వేస్తే పైన జిప్సం బోర్డు కప్పాలి. హీటరు దరిదాపుల్లో ఉంచకూడదు.

పెట్టె కూడా ఒక చిన్న గదే. పైన జాలీ మూత ఉన్న గాజు తొట్టి వేడినీ తేమనూ పైకి వదిలేస్తుంది. చుట్టూ మూసి, గాలికి చిన్న రంధ్రాలు మాత్రమే ఉన్న ప్లాస్టిక్ టబ్బు అయినా పీవీసీ పెట్టె అయినా ఆ రెంటినీ పట్టి ఉంచుతుంది. పుట్టకు ఇదే దగ్గరి చుట్టం.

పై అరలో వేసవి, కింది అరలో శీతకాలం

టబ్బులను ర్యాకులో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు, ఒకే గదిలో నేల దగ్గరికీ పైకప్పు దగ్గరికీ నాలుగైదు డిగ్రీల తేడా సులభంగా వస్తుంది. గోడకు నడుమ ఎత్తులో వేలాడే థర్మామీటరుకు ఇది తెలియదు. గాలిని నెమ్మదిగా కలిపే చిన్న ఫ్యాన్ ఒకటి చాలు, తేడా చాలావరకు పోతుంది. గాలి నేరుగా టబ్బుల మీదికి కొట్టకూడదు, తేమ ఆరిపోతుంది. ఇంకో ఉపాయం ఖర్చు లేనిది: చల్లదనాన్ని ఓర్చుకునే కార్న్ స్నేకులను కింద, బాల్ పైథాన్లను పైన పెట్టడం.

చలి కంటే వేడే తొందరగా చంపుతుంది

ఈ శీర్షికలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవమంటాను.

ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ ఒక రాత్రి 18 డిగ్రీల్లో గడిపినా సాధారణంగా తట్టుకుంటుంది. ముడుచుకుని, కదలికలు తగ్గించి తెల్లవారే దాకా ఓపిక పడుతుంది. 40 డిగ్రీలు దాటిన పెట్టెలో మాత్రం అంత సమయం ఉండదు. తప్పించుకునే దారి లేక కొద్దిసేపట్లోనే చనిపోతుంది. హీటరు ఆగిపోతే బాధ, హీటరు ఆగకపోతే మరణం. అయినా మనలో చాలామంది ఆగిపోతుందేమోననే భయపడి అవసరానికి రెండింతల హీటరు కొంటాం.

ఆగకపోవడం ఎలా జరుగుతుంది? ఇస్త్రీపెట్టెలో ఎర్ర దీపం వెలిగి ఆరడం చూశాం కదా. లోపల రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోతుంటాయి. చవక థర్మోస్టాట్లలోని రిలే కూడా అంతే. కలిసి విడిపోయిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. కొన్ని వేలసార్లు జరిగాక ఏదో ఒక రోజు ఆ రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. తెర మీద అంకె ఏం చూపించినా కరెంటు పారుతూనే ఉంటుంది.

దీనికి రెండు విరుగుడులున్నాయి, రెండూ చవకే. మొదటిది, గది హీటరుకు వరసగా రెండు థర్మోస్టాట్లు. రోజూ పనిచేసేది 26 దగ్గర పెడితే, కాపలా ఉండేది 30 దగ్గర పెట్టాలి. మొదటిది అతుక్కుపోయినా రెండోది తెంచుతుంది. రెండిటి ప్రోబులూ వేర్వేరు చోట్ల ఉండాలి.

రెండోది నాకు ఇంకా నచ్చిన పద్ధతి. ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి పెట్టడం. రెండూ కలిసి ఏడాదిలో అతి చలి రాత్రికి సరిపోయేంత ఉండాలి, అంతకు మించి వద్దు. ఒకటి చెడిపోయి ఆగితే రెండోది గదిని గడ్డకట్టనివ్వదు. ఒకటి ఆగకుండా వెలుగుతూనే ఉన్నా, గదిని ఉడికించే శక్తి దానికి ఉండదు. శక్తి తక్కువగా ఉండటమే ఇక్కడ రక్షణ.

హీటరు కొనేటప్పుడు ఇంకోటి చూడాలి. బటన్లు, రిమోట్ ఉన్న కొత్త రకం హీటర్లలో చాలావరకు కరెంటు పోయి వచ్చాక తమంతట తాము మళ్లీ వెలగవు. బయటి థర్మోస్టాట్‌కు తగిలించినప్పుడు ఒకసారి ఆగితే ఇక అంతే. తిప్పే నాబ్ ఉన్న పాతరకం మొరటు హీటరే ఈ పనికి సరైనది.

పాము తల్లకిందులు చేసే ప్రోబు

థర్మోస్టాట్‌కు కళ్లు లేవు, ప్రోబు చివర ఎంత వేడి ఉందో అదే దాని లోకం. పెట్టెలో వదులుగా పెట్టిన ప్రోబును పాము తోసేస్తుంది. అది చల్లని వైపు పడితే, పెట్టె చల్లబడిందనుకుని థర్మోస్టాట్ హీట్ మ్యాట్‌ను మండిస్తూనే ఉంటుంది. వెచ్చని చోటు 45 డిగ్రీలు దాటిపోయినా దానికి తెలియదు. అందుకే ప్రోబును పెట్టె బయట, మ్యాట్‌కూ పెట్టె అడుగుకూ మధ్య కదలకుండా బిగించడం మంచిది.

కొలిచేది కూడా సరైన చోట కొలవాలి. అడుగున పరిచిన పొట్టు మీద 31 ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. పాము రాత్రి ఆ పొట్టును పక్కకు నెట్టి నేరుగా అడుగు మీద పడుకుంటుంది. పొట్టు తీసేసి, ఉత్త అడుగు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూసుకోండి. ఆ గన్ ఖరీదు ఒక పాము మేతకు అయ్యే రెండు మూడు నెలల ఖర్చుకు మించదు.

చీకట్లో వేడిని చూసే పాముకు కాలితే తెలియదా?

బాల్ పైథాన్ పెదవుల మీద వరసగా చిన్న గుంటలుంటాయి. చీకట్లో ఎలుక ఒంటి వెచ్చదనాన్ని అవి పసిగడతాయి. ఆ గుంటల్లోని నరాల్లో ఏ అణువు ఈ పని చేస్తోందో 2010లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. వేడి, స్పర్శల గ్రాహకాలపై పరిశోధనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నది ఆయనే.

ఇంత సున్నితమైన జ్ఞానం ఉన్న ప్రాణి, కాలుతున్న రాయి మీద గంటల తరబడి పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. పశువైద్యులు తరచూ చూసే గాయమిది. అడవిలో వేడి పైనుంచి, సూర్యుడి నుంచి వస్తుంది. కింద నేల అంత దారుణంగా కాలే చోట పాము పగలు ఉండదు. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. వాటిని కొనొద్దని గట్టిగా చెబుతున్నాను. పెట్టె లోపల పెట్టే ఏ బల్బుకైనా, సిరామిక్ హీటరుకైనా చుట్టూ జాలీ ఉండాలి. లేకపోతే పాము దానికి చుట్టుకుంటుంది.

అమెరికాలో అంతే వాట్ల హీటరు రెట్టింపు కరెంటు తాగుతుంది

బిల్లులో కాదు, తీగలో. మన దగ్గరా బ్రిటన్‌లోనూ 230 వోల్టులు. 1,500 వాట్ల హీటరు ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. అమెరికాలో 120 వోల్టులు కాబట్టి అంతే వాట్ల హీటరుకు పన్నెండున్నర ఆంపియర్లు కావాలి. తీగ వేడెక్కేది ఆంపియర్ల వర్గాన్ని బట్టి. అంటే అదే మందం తీగ సుమారు నాలుగు రెట్లు వేడెక్కుతుంది. ఇక్కడ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటరు తగిలించి ఏమీ కాలేదని అనుకున్నవాళ్లు అక్కడ అదే అలవాటుతో ఇల్లు కాల్చుకోవచ్చు. హీటరు ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లోనే ఉండాలి. వదులైన సాకెట్ వాడకూడదు. గంట వెలిగాక ప్లగ్గును ముట్టుకోండి, వేడిగా ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఒక హీటరు ఉంటే ఇంకే బరువూ వేయకండి.

హీటరుకు అన్ని వైపులా మూడడుగుల ఖాళీ. గదిలో పొగ అలారం. పొట్టు, పాత పేపర్లు, అట్టపెట్టెలు పాముల గదిలోనే దాచడం కొందరికి అలవాటు. వాటిని ఆ గదిలోంచి తీసేయండి.

ఫిబ్రవరి 2021, టెక్సస్

డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలు ఆ వారాన్ని ఇంకా మరిచిపోలేదు. మంచు తుపానుకు విద్యుత్ వ్యవస్థ చేతులెత్తేసింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకట్లో మునిగాయి. చలికి తాళలేక కొందరు బొగ్గుల పొయ్యి ఇంట్లో వెలిగించారు, కొందరు గ్యారేజీలో కారు ఇంజిన్ నడిపారు. కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయాయి. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. మన ఊళ్లలోనూ తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవని కథలు విన్నాం. పాముల కోసం కిరోసిన్ హీటరో గొట్టం లేని గ్యాస్ హీటరో మూసిన గదిలో ఎన్నడూ పెట్టకూడదు.

అదే వారం టెక్సస్ దక్షిణ తీరాన సముద్రపు తాబేళ్లు చలికి మొద్దుబారి నీటిపై తేలాయి. వాలంటీర్లు దాదాపు 5,000 తాబేళ్లను తెచ్చి సౌత్ పాడ్రే ఐలాండ్ కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరసగా పడుకోబెట్టారు. చలికి బిగుసుకున్న సరీసృపాన్ని ఒక్కసారిగా వేడి చేయకూడదు. మెల్లగా తేరుకోనివ్వాలి. పాముకూ అదే సూత్రం.

కరెంటు పోతే చేయాల్సింది ముందే తెలిసి ఉండాలి. ఒక్కో పామునూ గుడ్డ సంచిలో వేసి, సంచులను థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్లు 50 డిగ్రీలు దాటతాయి. అవి పాముకు నేరుగా తగలకూడదు, మూసిన పెట్టెలో గాలి కూడా ఆడాలి. అలాంటి రోజుల్లో మేత పెట్టకండి. ఖాళీ కడుపు పాము చలిని తేలిగ్గా దాటుతుంది.

వేడి చేసిన గాలికి దాహం

బయట 5 డిగ్రీలు, తేమ 80 శాతం. ఆ గాలినే లోపలికి తెచ్చి 27 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 20 శాతానికి పడిపోతుంది. గాలిలోని నీరు ఎక్కడికీ పోలేదు, వెచ్చని గాలి ఇంకా ఎక్కువ నీటిని పట్టగలదు కాబట్టి లెక్కలో తగ్గింది. బాల్ పైథాన్‌కు 60 శాతం దాకా తేమ కావాలి. లేకపోతే కుబుసం ఒక్క ముక్కగా ఊడదు, తునకలు తునకలుగా వస్తుంది. కళ్ల మీది పొర లోపలే ఉండిపోతుంది. దాన్ని గోటితో తీయబోయి కన్ను పోగొట్టినవాళ్లున్నారు, ఆ పని చేయకండి. గదంతా తడిపితే గోడలకు బూజు పడుతుంది. ఒక్కో పెట్టెలో తడి నాచు నింపిన చిన్న డబ్బా ఒకటి, పెద్ద నీళ్ల గిన్నె ఒకటి పెడితే చాలు.

ఫ్లోరిడాలో చచ్చిపోయిన కొండచిలువలు

మళ్లీ చలి సంగతికొస్తే, ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో మనుషులు వదిలిన బర్మా కొండచిలువలు పెరిగి పెద్ద బెడదయ్యాయి. 2010 జనవరిలో అక్కడ అరుదైన చలి వచ్చింది. పరిశోధకులు రేడియో పరికరాలు అమర్చి వెంబడిస్తున్న 10 కొండచిలువల్లో 9 చనిపోయాయి. ఎంత పెద్ద ఒళ్లున్నా చలి నుంచి తప్పించుకునే చోటు దొరకకపోతే గతి అదే.

వేడి పుట్టించే పాము ఉంది

పాము వేడి పుట్టించుకోదని మొదట్లో అన్నాను. దానికి మినహాయింపు ఉంది. లామార్ పికో అనే ఫ్రెంచి ప్రకృతి పరిశీలకుడు, గుడ్లు చుట్టుకున్న కొండచిలువ ఒళ్లు వెచ్చగా ఉంటుందని 1832లో ఫ్రాన్స్ సైన్సు అకాడమీకి చెబితే పెద్దలు నమ్మలేదు. 1841లో వాలెన్సియెన్ అనే జంతుశాస్త్రవేత్త పారిస్‌లో గుడ్లు పొదుగుతున్న కొండచిలువ మీద థర్మామీటరు పెట్టి కొలిచాడు. మాట నిజమే. 1966లో న్యూయార్క్‌లో చేసిన పరిశోధన దాని గుట్టు విప్పింది. చుట్టూ గాలి 33 డిగ్రీల కంటే తగ్గినప్పుడు తల్లి కండరాలు ఉండుండి అదురుతాయి. మనం చలికి వణికినట్టే. ఆ వణుకుతో పుట్టిన వేడి గుడ్లకు అందుతుంది. బాల్ పైథాన్‌కు ఆ శక్తి లేదు. అది గుడ్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని, ఉన్న వెచ్చదనం, తేమ పోకుండా కాపాడుతుంది.

మన దేశంలో పెంచవచ్చా?

మన పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. విదేశీ జాతులకు కూడా 2022 సవరణ తర్వాత లెక్క చెప్పాల్సి వచ్చింది. బాల్ పైథాన్ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జాతి. అలాంటి జంతువుల వివరాలు నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. పాము ఇంట్లోకి వస్తే పట్టేసి పెట్టెలో దాచుకోకుండా, అటవీ శాఖకో పాముల్ని కాపాడే సంస్థకో చెప్పాలి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని చేస్తోంది.

చట్టప్రకారం విదేశీ పామును పెంచేవాళ్లకు కూడా తెలుగు నేల మీద కష్టం చలితో కాదు, ఎండతో. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో 44 డిగ్రీలు ఉన్నప్పుడు కరెంటు పోయి ఏసీ ఆగితే, పైన చెప్పిన ప్రమాదం హీటరు లేకుండానే వస్తుంది.

గిరినాగు గూడు

హీటరు లేకుండా వెచ్చదనం నిలుపుకునే పాము మన దగ్గరే ఉంది: తూర్పు కనుమల్లో, విశాఖ మన్యం అడవుల్లో ఉండే గిరినాగు. గుడ్ల కోసం గూడు కట్టే పాము అది. ఆడపాము ఎండుటాకులను ఒంటి చుట్లతో ఈడ్చి కుప్ప పోస్తుంది, నడుమ గుడ్లు పెట్టి మీద మళ్లీ ఆకులు కప్పుతుంది. పొరలు పొరలుగా పడిన ఆ ఆకుల్లోంచి వాన నీళ్లు గుడ్ల దాకా దిగవు, లోపలి వెచ్చదనం త్వరగా బయటికి పోదు. రెండు మూడు నెలల పాటు లోపల పిల్లలు పెరుగుతాయి. తల్లి చాలా రోజులు కుప్ప మీదే కాపలా ఉండి, గుడ్లు పగిలే ముందు వెళ్లిపోతుంది. కుప్పను కదిలిస్తే పొరలు చెదిరిపోతాయి. అందుకే విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్లు గూడు కనిపిస్తే గుడ్లు తీసుకుపోకుండా, గ్రామస్తులతో కలిసి ఉన్నచోటే దాన్ని కాపాడుతున్నారు.